హెక్టర్ గిల్లిస్ ఎడమవైపు

మేనేజర్ గదిలోంచి హెక్టర్ గిల్లిస్ తిరిగొచ్చేసరికి అతని బ్యాగు సర్ది ఉంది.

డ్రెస్సింగ్ రూములో అతను పదిహేనేళ్లుగా కూర్చుంటున్న చోట, బల్ల ముందు నేల మీద, జిప్పు మూసి పెట్టి ఉంది. పక్కనే ఆరు ఐస్ హాకీ కర్రలు ఒకే కట్టగా టేపు చుట్టి గోడకి ఆనించి ఉన్నాయి. తోటి ఆటగాళ్లు స్నానాలు ముగించి ఎప్పుడో వెళ్లిపోయారు. జట్టు సామాన్లు చూసే ఆల్ఫే థెరియో ఒక్కడే మూలన సానచక్రం దగ్గర నిలబడి ఎవరి స్కేట్లకో పదును పెడుతున్నాడు. వీపు ఇటు, మొహం అటు.

మేనేజర్ క్రాకెట్ మాట్లాడింది గట్టిగా పది నిమిషాలు లేదు.

"కూర్చో హెక్టర్."

"ఫర్లేదు, చెప్పండి."

"రెండు వారాలు బాథర్స్ట్ వెళ్లి ఆడిరా. కింది లీగు అని మనసు కష్టపెట్టుకోకు. నీ కాళ్లు బరువెక్కాయి. ఇక్కడైతే నిన్ను బెంచీ మీద కూర్చోబెట్టాలి, అక్కడ ఆటంతా మంచు మీదే ఉంటావు. దారిన పడితే నేనే పిలిపిస్తాను."

"నా గురించి మీకెవరైనా ఏమైనా చెప్పారా?"

"ఎవరు చెప్తారు? ఏం చెప్తారు?" అన్నాడు క్రాకెట్, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

ఆ తుడవడమే హెక్టర్‌కి నచ్చలేదు. ఉన్నమాట చెప్పేవాడికి సరిగ్గా అప్పుడే కళ్లజోడు తుడుచుకునే అవసరం ఎందుకొస్తుంది?

ఇప్పుడు చూస్తే ఈ బ్యాగు. ఓ డిఫెన్స్ ఆటగాడి సరంజామా అంతా, భుజాల మెత్తల దగ్గర్నుంచి రెండు జతల స్కేట్ల దాకా, ఆరబెట్టి సర్దడానికి అరగంటైనా పడుతుంది. తనకి కబురు తెలిసి పది నిమిషాలు కాలేదు.

"నువ్వే సర్దావా?" అన్నాడు హెక్టర్.

"ఊఁ."

"ఎప్పుడు?"

"పొద్దున."

"పొద్దునంటే? నాకు చెప్పకముందా?"

చక్రం గిర్రుమంది. నిప్పురవ్వలు లేచి ఆల్ఫే మోచేతి దగ్గర ఆరిపోయాయి. "కుడి స్కేటులో తోలు ఊడుతుంటే కుట్టాను. ఆగుతుందో లేదో చూసుకో," అన్నాడు తల తిప్పకుండా.

హెక్టర్ ఇంకో మాట కోసం కాసేపు నిలబడ్డాడు. రాలేదు. బ్యాగు భుజాన వేసుకుని బయటికొచ్చాడు.

ఇంటి దగ్గర ఫ్లోరా బట్టలు సర్దుతూ, "రెండు వారాలే కదా, ఇట్టే గడిచిపోతాయి," అంది. మరీ తొందరగా అన్నట్టనిపించింది అతనికి. క్రిస్మస్ నుంచీ 'ఇక చాలు హెక్టర్, ఊరెళ్లిపోదాం' అని ఆవిడ పోరుతూనే ఉంది. ఆవిడే గానీ క్రాకెట్ భార్యతో... ఛ. పన్నెండేళ్లు కాపురం చేసిన మనిషి. అలా అనుకున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది. కానీ అనుకోవడం మాత్రం అనుకున్నాడు.

కెనడా తూర్పు తీరాన హాలిఫాక్స్ నుంచి బాథర్స్ట్ ఎండ రోజుల్లో ఐదు గంటల దారి. 1986 ఫిబ్రవరిలో ఆ బుధవారం ఏడు గంటలు పట్టింది. మాంక్టన్ దాటేదాకా మంచు తెరలు తెరలుగా అద్దానికి కొడుతూనే ఉంది. రేడియో పెట్టుకోలేదు. ఆలోచన ఒక్కటే: ఎవరు చెప్పారు?

చెప్పడానికి ఒక సంగతంటూ ఉంది కాబట్టే ఆ ఆలోచన.

రెండేళ్ల కిందట వసంతకాలం ఆటల్లో ఎదుటివాడి కర్ర అంచు హెక్టర్ ఎడమకంట్లో తగిలింది. పది రోజులు కట్టు. కట్టు విప్పాక ఎదురుగా ఉన్నది బాగానే కనపడింది. ఎడమ చెవివైపు మాత్రం ఎవరో తెర సగం లాగి వదిలేసినట్టుండేది. డాక్టరు పక్కనుంచి వేలు జరుపుతూ, "ఎప్పుడు కనపడితే అప్పుడు చెప్పు," అన్నాడు. ఆయన చొక్కా మణికట్టు దగ్గర గరగరమంది. ఆ చప్పుడు వినగానే, "ఇదిగో, కనపడింది," అన్నాడు హెక్టర్. డాక్టరు సంతకం పెట్టేశాడు.

హెక్టర్ ఆడేది ఎడమవైపు. మంచు చుట్టూ ఉండే చెక్కగోడకీ తనకీ మధ్య సందులోంచి ఎవణ్నీ పోనివ్వకపోవడమే అతని పని, అతని పేరు కూడా అదే. "గిల్లిస్ గోడవైపు పిల్లి కూడా దూరదు," అనేవాళ్లు. ఆ సందే ఇప్పుడు అతనికి కనపడదు. మెడ తిప్పి చూసుకుంటే కనపడుతుంది. అలా తిప్పుకుంటూనే రెండేళ్లు నెట్టుకొచ్చాడు. ఇది లీగు చెవిన పడితే ఆ రోజుతో ఆట సరి, ఒంటికంటి వాణ్ని మంచు మీదికి అడుగు పెట్టనివ్వరు.

ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరు. కారు రెండుసార్లు గరాజు స్తంభానికి రాసుకున్నాక ఫ్లోరాకి తెలిసింది. ఆల్ఫేకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఒకరోజు హెక్టర్ హెల్మెట్ తీసుకెళ్లి, ఎడమవైపు అంచు వేలెడంత కోసి, అరగదీసి, నల్లరంగు పూసి తెచ్చిచ్చాడు. "ఇప్పుడు కాస్త నయమేమో చూడు," అన్నాడు. అంతే. ఆ తర్వాత ఇద్దరూ దాని ఊసెత్తలేదు.

ఫ్లోరా చెప్పదు. ఇక మిగిలింది?

మిరమిషీ నది వంతెన మీదికి వచ్చేసరికి లెక్క తేలిపోయింది. ఆల్ఫే ఎక్కడో నోరు జారాడు, లేకపోతే కావాలనే చెప్పాడు. అయితే క్రాకెట్ చేతిలో రుజువు లేదు. అందుకే కాళ్ల వంక పెట్టి కిందికి పంపాడు. అక్కడ ఎవడో తన మెడ ఎన్నిసార్లు తిరుగుతోందో చూస్తాడు, రాసి పంపుతాడు. రెండు వారాలంటే అదన్నమాట.

బాథర్స్ట్‌లో మంచు పరిచిన ఆ ఆట రింకు పాతది, రేకుల కప్పు. పేపరు మిల్లు వాసన లోపలిదాకా వస్తుంది. గురువారం పొద్దున హెక్టర్ డ్రెస్సింగ్ రూములో అడుగుపెట్టగానే అక్కడి మాటలన్నీ టక్కున ఆగిపోయాయి. ఇరవై మంది ఆటగాళ్లు. వాళ్లలో సగం మంది తను మొదటి ఆట ఆడేనాటికి అక్షరాలు దిద్దుకుంటున్నవాళ్లు.

"నమస్కారం తాతా!" అన్నాడు ఎవడో వెనకనుంచి. నవ్వులు. వెంటనే మళ్లీ నిశ్శబ్దం.

కోచ్ పెర్లీ స్టైల్స్ అరవై దాటిన మనిషి, పొట్టి, తల నేరుగా భుజాల మీదే కూర్చున్నట్టుంటాడు. గదిలోకి పిలిచి తలుపేశాడు. మొదట అడిగిన మాట, "క్రాకెట్ నా గురించి ఏమన్నాడు?"

"మీ గురించా? ఏమీ అనలేదే."

"ఏమీ అనకుండానే తొమ్మిదొందల ఆటలాడిన వాణ్ని నా నెత్తిన పెట్టాడా?" పెర్లీ కళ్లు చిన్నవి చేసి చూశాడు. "సరేలే. నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు. నా పని నేను చూసుకుంటా, నీ పని నువ్వు చూసుకో."

'నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు.' ఆ ముక్క హెక్టర్ గుండెలో ముల్లులా దిగింది.

ప్రాక్టీసులో పెర్లీ గోడ పక్కన నిలబడి చిన్న పుస్తకంలో ఏదో గీకుతున్నాడు. హెక్టర్ మంచు మీదికి దిగినప్పుడల్లా పెన్సిలు కదులుతోంది, బెంచీకొస్తే ఆగుతోంది. ఇది చాలదన్నట్టు వెనకనుంచి గోల్‌కీపర్ అరుపులు.

"ఎడమ! తాతా, ఎడమ!"

గోల్‌కీపర్ పేరు ఒరెస్ట్ హ్నాట్యుక్. మానిటోబా గోధుమ పొలాల నుంచి వచ్చినవాడు, ఇరవై ఎనిమిదేళ్లు, గెడ్డం, ఆగని నోరు. గోల్‌కీపర్లు అరవడం మామూలే, వాళ్లకి ఆటంతా కళ్లముందే ఉంటుంది. కానీ హెక్టర్ జాగ్రత్తగా విన్నాడు. మిగతావాళ్లకి ఒరెస్ట్ 'వెనక', 'నడుమ', 'వదిలెయ్' అని రకరకాలుగా అరుస్తున్నాడు. తనకి మాత్రం ఒక్కటే మాట. ఎడమ.

పచ్చకామెర్లోడికి లోకమంతా పచ్చగా కనపడుతుందంటారు. హెక్టర్‌కి ఆ రెండు రోజులూ అలాగే గడిచాయి. హోటల్లో పక్క బల్ల దగ్గర ఇద్దరు నవ్వుకుంటే తన గురించే అనిపించేది. కోడికూర చారూ బంగాళదుంపలూ తెచ్చిపెట్టిన మనిషి గిన్నె కుడివైపు పెడితే, ఇదెందుకు కుడివైపే పెట్టిందని గుటక పడలేదు. శుక్రవారం సాయంత్రం ప్రాక్టీసయ్యాక చేతి తొడుగులు మర్చిపోయి వెనక్కొచ్చాడు. నడవాలో పెర్లీ, ఒరెస్ట్ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకుంటున్నారు.

"...మంగళవారం లోపల తేలిపోతుంది. అప్పటిదాకా నోరు మెదపకు," అంటున్నాడు పెర్లీ.

హెక్టర్‌ని చూడగానే ఇద్దరూ ఎడంగా జరిగారు. ఒరెస్ట్ పైకప్పు చూశాడు. పెర్లీ పుస్తకం కోటు జేబులో దోపుకున్నాడు.

ఇంకేం రుజువు కావాలి?

శనివారం మధ్యాహ్నం తను దిగిన మోటెల్ ముందుగదిలో ఫోన్ అందుకున్నాడు. మోటెలు యజమానురాలు, బూద్రో గారి విధవరాలు, అల్లిక పని చేసుకుంటూ చెవి మాత్రం ఇటు పారేసింది. హాలిఫాక్స్ రింకులో ఆల్ఫే ఫోనెత్తాడు.

"హెక్టరా! చేరావా? కుట్టు ఆగిందా?"

"కుట్టు సంగతి తర్వాత. ఒక్క మాటడుగుతా, సూటిగా చెప్పు. నా కన్ను సంగతి క్రాకెట్‌కి చెప్పావా?"

అవతల సానచక్రం ఆగిన చప్పుడు.

"ఏమన్నావు?"

"వినపడలేదా? ఇక్కడ గోల్‌కీపర్‌కి తెలిసిపోయింది. కోచ్ పుస్తకంలో ఎక్కిస్తున్నాడు. తెలిసింది ఇద్దరికి, నా పెళ్లానికీ, నీకూ. నా పెళ్లాం చెప్పదు."

"అయితే నేను చెప్తానంటావు."

"కాకపోతే బ్యాగు ముందే ఎందుకు సర్దిపెట్టావు? మొహం ఎందుకు చాటేశావు? ఎన్ని పండగలు మా ఇంట్లో తిన్నావురా నువ్వు! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడానికి సిగ్గనిపించలేదూ?"

ఆల్ఫే అతనికంటే పదహారేళ్లు పెద్ద. హెక్టర్ అతనితో ఏనాడూ అలా తూలి మాట్లాడింది లేదు. అల్లిక సూదులు కూడా ఆగిపోయాయి.

"అయిపోయిందా?" అన్నాడు ఆల్ఫే.

"అయిపోయింది."

"స్కేట్లు ఆరబెట్టుకో. ఆ ఊళ్లో చెమ్మ ఎక్కువ."

ఫోన్ పెట్టేశాడు.

'కాదు' అనలేదు. హెక్టర్ ఆ రోజంతా పట్టుకు వేళ్లాడింది ఆ ఒక్కదాన్నే. చెప్పనివాడైతే చెప్పలేదనడానికేం?

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఆట. ఫ్రెడరిక్టన్ వాళ్లు వచ్చారు. పిల్లాపాపల్తో రింకు నిండింది, ఒక్కో ఊపిరీ పొగలా పైకి లేస్తోంది. హెక్టర్ ఆ రోజు ఒక నిర్ణయం మీద దిగాడు. పెర్లీ పుస్తకంలో ఇవాళ రాయడానికి ఏమీ ఉండకూడదు. మెడ తిప్పడు. ఎవడెంత అరిచినా ఎడమవైపు చూడడు. పదిహేనేళ్ల అనుభవం ఉంది, కళ్లతో పనేముంది, చెవులతో ఆడొచ్చు, లెక్కతో ఆడొచ్చు.

మూడు భాగాల ఆటలో మొదటి రెండూ బాగానే గడిచాయి. ఒకణ్ని గోడకేసి నొక్కి నల్లటి రబ్బరు బిళ్ల, పక్, లాగేసుకున్నప్పుడు జనం లేచి చప్పట్లు కొట్టారు. చూశారా, అనుకున్నాడు. మూడో భాగం మొదలైన కాసేపటికి ఫ్రెడరిక్టన్ వాళ్లు ముగ్గురు ఒక్కసారి విరుచుకుపడ్డారు. పక్ నడుమనున్న వాడి దగ్గరుంది. హెక్టర్ వాడి మీదే చూపు నిలిపి వెనక్కి జారుతున్నాడు.

"ఎడమ! ఎడమ! హెక్టర్, ఎడమ!"

ఈసారి 'తాతా' అనలేదు. ఆ గొంతులో ఆటపట్టింపు లేదు, భయం ఉంది. హెక్టర్‌కి తెలిసింది. తెలిసినా మెడ తిప్పలేదు. అరుచుకో నాయనా, అనుకున్నాడు, అరవమని చెప్పినవాళ్లకి నువ్వే జవాబు చెప్పుకుందువుగాని.

గోడ పక్కనుంచి ఎర్రచొక్కా వాడొకడు గాలిలా వచ్చాడు. పక్ వాడికందింది. హెక్టర్ కర్ర చాచేసరికి అక్కడ మంచు తప్ప ఏమీ లేదు. ఆపేవాడు లేక వాడు నేరుగా గోలు మీదికి వస్తుంటే ఒరెస్ట్ చేసేదేముంది, గోలు వదిలి ముందుకు దూకాడు. ఇద్దరూ ఢీకొని, దొర్లి, గోలు ఇనుప స్తంభానికి కొట్టుకున్నారు. ఎర్రచొక్కా వాడు లేచాడు. ఒరెస్ట్ లేవలేదు.

ఆసుపత్రి నడవాలో హెక్టర్ చెమట బట్టల మీదే కోటు వేసుకుని కూర్చున్నాడు. ఐదు దాటాక నర్సు తలుపు తీసింది. ఒరెస్ట్ భుజానికీ ఛాతీకీ కలిపి కట్టు కట్టారు. మెడ కింది కాలర్‌బోన్ ఎముక రెండుచోట్ల విరిగిందట. రెండు నెలలు ఆట లేదట.

"వచ్చావా తాతా," అన్నాడు ఒరెస్ట్. మందు మత్తు వల్ల గొంతు సాగుతోంది. "గోల్ అయిందా, కాలేదా?"

"కాలేదు."

"మరింకేం. రా, కూర్చో."

హెక్టర్ కూర్చోలేదు. "నీకెవరు చెప్పారు?" అన్నాడు.

"ఏది?"

"నా ఎడమ కన్ను సంగతి. పెర్లీయా? క్రాకెట్టా?"

ఒరెస్ట్ కాసేపు అతని మొహంలోకి చూశాడు. "ఒకరు చెప్పాలా దానికి? మా నాన్నది గడ్డికోత యంత్రంలో పోయింది ఎడమ కన్ను. నాకప్పుడు ఆరేళ్లు. ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఆయన పక్కన ట్రాక్టరెక్కా. పక్క చూడాల్సొస్తే కళ్లు తిప్పడు, మొత్తం తలకాయే తిప్పుతాడు, గుడ్లగూబలాగ. మొన్న గురువారం నువ్వు తల తిప్పడం చూశా. మా నాన్నే మంచు మీదికి దిగాడేమో అనుకున్నా."

"ఎవరికైనా చెప్పావా?"

"ఎందుకు చెప్తా? అరిస్తే సరిపోతుందిలే అనుకున్నా. నాన్నకీ అలాగే అరిచేవాణ్ని."

"మరి శుక్రవారం పెర్లీ నువ్వూ మాట్లాడుకున్నదేంటి? మంగళవారం తేలిపోతుందన్నాడు. నన్ను చూసి ఆపేశారు."

ఒరెస్ట్ నవ్వబోయి నొప్పికి పళ్లు బిగించాడు. "అదా. హాలిఫాక్స్ రెండో గోల్‌కీపర్ చీలమండ విరిగిందిగా. మంగళవారం నన్ను పైకి పిలుస్తారని పెర్లీకి కబురొచ్చింది. ఎనిమిదేళ్లయింది నేనీ లీగులో పడి. మొదటిసారి. నువ్వు క్రాకెట్ మనిషివని పెర్లీ భయం, పైకి ఏదైనా మోస్తావని. అందుకే నీ ముందు మాట్లాడలేదు."

హెక్టర్ ఒరెస్ట్ కట్టు వైపు చూశాడు. మంగళవారానికి రెండు రోజులు.

"వినపడింది నాకు," అన్నాడు చివరికి. "నువ్వు అరిచింది వినపడింది. కావాలనే తిరగలేదు."

ఒరెస్ట్ నోరు మూతపడటం హెక్టర్ మొదటిసారి చూశాడు.

"ఎందుకు?" అన్నాడు ఒరెస్ట్.

"క్రాకెట్ నా కన్ను సంగతి పసిగట్టి, రుజువు కోసం ఇక్కడికి పంపాడనుకున్నా."

"నీ వయసుకి తెలివుండాలి కదయ్యా! వాళ్లకి ఆవగింజంత అనుమానమొచ్చినా నిన్ను రింకు మెట్లెక్కనిస్తారా? ఆ రోజే డాక్టర్ల ముందు కూర్చోబెడతారు. రేపు నీకో, ఇంకొకడికో ఏమైనా అయితే కోర్టులో ఎవడు నిలబడతాడు? వాళ్లకేమీ తెలీదు."

"అయితే నన్నెందుకు పంపారు?"

ఒరెస్ట్ కిటికీ వైపు చూశాడు. "నిజంగా అడుగుతున్నావా?"

"అడుగుతున్నా."

"నెమ్మదైపోయావు. అంతే. వెనకనుంచి చూసేవాణ్ని, నాకు తెలుస్తుంది. రెండు కళ్లున్నా ఇవాళ వాణ్ని నువ్వు అందుకునేవాడివి కాదేమో."

క్రాకెట్ చెప్పిందీ అదే. కాళ్లు బరువెక్కాయని. ఎవరో వెన్నుపోటు పొడిచారని నమ్మినన్నాళ్లూ హెక్టర్‌కి కోపం ఉంది, ఆ కోపంలో నిలబడటానికి చోటుంది. ఇప్పుడదీ లేదు. ముప్ఫై ఏడేళ్లు నిండబోతున్న రెండు కాళ్లు మాత్రం మిగిలాయి.

సోమవారం పొద్దున్నే పెర్లీ గదికెళ్లి, తలుపు తనే వేసి, కన్ను సంగతి మొదట్నుంచీ చివరిదాకా చెప్పాడు. పెర్లీ నోట్లో పొగాకు నమలడం ఆపి విన్నాడు. విన్నాక అన్న మొదటి మాట, "ఇదేం ఎత్తు?"

"ఎత్తు కాదు."

"నా దగ్గర ఒప్పుకుంటున్నట్టు ఒప్పుకుని, తెలిసీ ఆడించానని పైకి రాస్తావా?"

హెక్టర్‌కి కోపం రాలేదు. నాలుగు రోజుల నుంచి తను ఏ బావిలో ఉన్నాడో ఈ మనిషీ అదే బావిలో ఉన్నాడని అర్థమైంది. "ఆ పుస్తకంలో ఏం రాశారు నా గురించి?"

పెర్లీ తటపటాయించి పుస్తకం బల్ల మీదికి విసిరాడు. హెక్టర్ తెరిచాడు. కన్ను గురించి ఒక్క ముక్క లేదు. 'గురువారం: గిల్లిస్ ఇద్దరు ఆటగాళ్లతో మాట్లాడాడు. ఏం అడిగాడో కనుక్కోవాలి. శనివారం: గిల్లిస్ మోటెల్ నుంచి హాలిఫాక్స్‌కి ఫోన్ చేశాడని బూద్రో చెప్పింది.' నాలుగు పేజీల నిండా అవే. హెక్టర్ తన కోచ్ ఉద్యోగానికి ఎసరు పెట్టడానికొచ్చాడని ఆయన భయం.

"మీ కుర్చీ నాకక్కర్లేదు పెర్లీ. ఫోన్ తీయండి. క్రాకెట్‌కి మీ ముందే చెప్తాను."

చెప్పాడు. అవతల క్రాకెట్ మొదట అరిచాడు, తర్వాత అరవడం మానేసి, "ఇంటికెళ్లు," అన్నాడు. "రేపు డాక్టరు దగ్గరికి. బాథర్స్ట్ కుర్రాడి వైద్యం సంగతి నేను చూస్తాను." హెక్టర్ పదిహేనేళ్ల ఆట ఆ 'ఇంటికెళ్లు'తో ముగిసింది.

మంగళవారం డాక్టరు చూసిందీ, కాగితం మీద రాసిందీ అనుకున్నదే. అక్కణ్నుంచి ఫ్లోరా కారు ఇంటికి పోనివ్వబోతే, "రింకు దగ్గర దింపు," అన్నాడు.

"ఆల్ఫే కోసమా?" అంది ఫ్లోరా. "శనివారం నుంచి మన ఫోనెత్తట్లేదు ఆయన. నువ్వేమన్నావు హెక్టర్?"

చెప్పాడు. ఫ్లోరా కారు పక్కకి తీసి ఆపింది. అతనివైపు చూడలేదు. "కన్ను సంగతి తెలిసింది ఇద్దరికేగా," అంది. "అంటే ఆయన కంటే ముందు నన్ను అనుమానించే ఉంటావు."

హెక్టర్ అబద్ధం చెప్పలేకపోయాడు. ఆవిడ మళ్లీ బండి కదిపింది. రింకు దగ్గర దింపి, "నేనాగను. నడిచి రా," అంది.

ఆల్ఫే డ్రెస్సింగ్ రూములో ఉతికిన చొక్కాలు తగిలిస్తున్నాడు. హెక్టర్ కూర్చునే చోట ఇంకొకడి పేరు అతికించి ఉంది. చూసీ చూడనట్టు చూసి, తల దించుకున్నాడు హెక్టర్.

"తప్పు మాట్లాడాను ఆల్ఫే."

చొక్కా తగిలించాడు ఆల్ఫే. ఇంకోటి తీశాడు.

"నువ్వు చెప్పలేదని ఇప్పుడు తెలుసు."

"ఇప్పుడు తెలుసు," అన్నాడు ఆల్ఫే ఆ మాట రుచి చూస్తున్నట్టు. "ఆ రోజు పొద్దున ఏడింటికి క్రాకెట్ నన్ను పిలిచి బ్యాగు సర్దమన్నాడు. ఎప్పుడూ నాకే ముందు చెప్తారు. ఎంతమందివి సర్దలేదు నేను? నీ కళ్లెదురుగానే సర్దాను. ఎవరిది సర్దినా, వాడొచ్చాక చెయ్యి కలిపి పంపేవాణ్ని. నీ మొహం చూడటం నా వల్ల కాలేదు, అటు తిరిగి నిలబడ్డా. అది నీకు దొంగతనంలా కనపడింది."

"ఫోన్లో కాదని ఒక్కమాట అనొచ్చుగా?"

"ఎందుకనాలి?" ఆల్ఫే గొంతు మొదటిసారి లేచింది. "పదిహేనేళ్లయ్యాక కూడా నేను కాదనాలా నీకు? పోనీ, ఇంకోటి చెప్తా విను. నేను చెప్పలేదు. కానీ చెప్పి ఉండాల్సింది. నువ్వు మంచు మీదికెళ్లిన ప్రతిసారీ ఆ తలుపు సందులోంచి ప్రాణం బిగబట్టి చూసేవాణ్ని. నీకే ఏదో అవుతుందనుకున్నా. ఇంకొకడికి అవుతుందని నాకు తట్టలేదు. హెల్మెట్ కోసినప్పుడే వెళ్లి చెప్పి ఉంటే నువ్వు నన్ను జన్మలో క్షమించేవాడివి కాదు, ఆ కుర్రాడు ఇవాళ ఇక్కడ ఉండేవాడు."

హెక్టర్ బల్ల మీద కూలబడ్డాడు. ఆల్ఫే మిగిలిన చొక్కాలు తగిలించడం పూర్తిచేశాడు. పూర్తయ్యాక జేబులోంచి పెన్సిలు ముక్కా, కర్రలకి చుట్టే టేపు అట్ట చింపిన ముక్కా తీసి అతని ముందు పెట్టాడు.

"ఆ గోల్‌కీపర్ ఫోన్ నంబరు రాయి."

"ఎందుకు?" అన్నాడు హెక్టర్. అనేశాక తన గొంతు తనకే వినపడింది. ఇంతా అయ్యాక కూడా ఆ మాటలో పాత అనుమానం అలాగే ఉంది, ఇతను ఒరెస్ట్‌కి ఏం చెప్తాడో, తన గురించి ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో అని.

ఆల్ఫేకీ అది వినపడింది. కోప్పడలేదు. "క్షమించమని అడగాలి," అన్నాడు. "నిన్ను కాదులే, అతన్ని."

హెక్టర్ పెన్సిలు తీసుకుని, ఆసుపత్రిలో ఒరెస్ట్ ఇచ్చిన ఇంటి నంబరు అంకె అంకె గట్టిగా పలుకుతూ రాశాడు. ఆల్ఫే అట్ట ముక్క అందుకుని చూసి, ఏడో అంకె అర్థం కావట్లేదు మళ్లీ రాయమన్నాడు.